లేని కొంగు దోపుకున్న ఎనుము

ఆదెమ్మ కోతలు కోస్తుందని బెంగళూరు కుందలహళ్ళిలో వాళ్ళ సందంతటికీ తెలుసు. ఎవరి కొంపా ముంచే కోతలు కావు. పొద్దున నీళ్ళ ట్యాంకరు దగ్గర బిందె పట్టుకుని ఊరికే నిలబడటం ఆమెకు చేతకాదు, అంతే. టెక్ పార్కు సెల్లారులో చిరుతపులి పిల్లను చూశానంటుంది. తాను ఊడ్చే ఆఫీసులో ఒకాయన ఇంటికే వెళ్ళడని, కుర్చీలో నిద్రపోయి కుర్చీలోనే లేస్తాడని అంటుంది. ఆ రెండోది నిజమే అయి ఉండొచ్చు, ఆ చుట్టుపక్కల ఆఫీసులను చూస్తే నాకూ అనుమానమే. కానీ విన్నవాళ్ళు అన్నిటినీ ఒకే గాటన కట్టేసి, కడుపారా నవ్వుకుని, బిందెలు ఎత్తుకుని వెళ్ళిపోయేవారు. ఆదెమ్మకు అందులో చిన్నతనమేమీ లేదు. నవ్వించడానికే కదా చెప్పింది.

అలాంటి మనిషి ఒకే ఒక్కసారి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆ ఒక్కటీ ఎవరూ నమ్మలేదు. కట్టుకున్నవాడు కూడా నమ్మలేదు.

ఆదెమ్మది కదిరి పక్క పల్లె. చిన్నప్పుడు ఎనుములు మేపింది. గేదెలను మా వైపు వాళ్ళు ఎనుములనే అంటారు. పెళ్ళయ్యాక మొగుడు తిరుపాలుతో పాటు బెంగళూరు బస్సెక్కింది. ఆయన సెంట్రింగు పనిలోను, ఆమె కాంక్రీటు మోయడంలోను పడ్డారు. ఇవాళ అద్దాలతో తళతళలాడే ఆ ఆఫీసు మేడల్లో కొన్నింటి పైకప్పులు ఆమె నెత్తి మీదుగానే పైకి వెళ్ళాయి. తర్వాత కట్టడం పని మానేసి హౌస్ కీపింగులో చేరింది. చీర మీద నీలం కోటు, చేతిలో తడిగుడ్డ కట్టిన కర్ర. తిరుపాలు ఆమెకు పూర్తిగా ఎదురు. మాటలు కొనుక్కోవలసి వచ్చినట్టు బహు పొదుపుగా మాట్లాడతాడు. ఆ ఇంట్లో ఇద్దరి వాటా మాటలూ ఆదెమ్మే ఖర్చుపెట్టేది.

ఆమె ఊడ్చే మేడలో నాలుగో అంతస్తు కార్టూన్ సినిమాలు తీసేవాళ్ళది. అంతకుముందు వాళ్ళు తీసినవి ముక్కలే. ఏ దేశంవాళ్ళో గీసి పంపిన ఎలుకకు తోక ఊపించడం, కుక్కకు చెవులు ఆడించడం. ఎన్నాళ్ళని పరాయివాళ్ళ ఎలుకలకు తోకలు ఊపుతామని యజమానికి రోషం వచ్చింది. సొంతంగా ఒక సినిమా తీద్దాం, పిల్లాజెల్లాతో ఇంటిల్లిపాదీ వచ్చి చూసే సినిమా తీద్దాం అన్నాడు. డైరెక్టరుగా మల్లికార్జున్ అనే కుర్రాణ్ణి పెట్టుకున్నాడు.

సినిమా పేరు 'గేదెమ్మ గృహప్రవేశం'. పల్లె నుంచి ఒక గేదెల కుటుంబం వచ్చి బెంగళూరులో అపార్ట్‌మెంటులో దిగుతుంది. ఎవరి గృహప్రవేశానికైనా ఆవును లిఫ్టులో ఎక్కించి, పూలదండ వేసి, ఇల్లంతా తిప్పుతారు కదా, అది చూసి అవ్వ గేదెకు కడుపు మండుతుంది. నన్నెందుకు పిలవరు, పాలు నేనివ్వలేదా అని పంతం పడుతుంది. వినడానికి బాగానే ఉంది కదూ? నాకూ బాగానే ఉంది. అంతవరకూ ఎవరూ పాడు చేయలేదు.

పాడు చేసింది సబ్బుపొడి కంపెనీ. సినిమాకు డబ్బు పెట్టింది వాళ్ళు. ప్రతి సీనులోనూ ఒక మరక పడాలన్నది వాళ్ళ షరతు. మరక లేని సీను మాకెందుకన్నారు. దాంతో లిఫ్టులో పేడ, పెళ్ళికూతురి చీర మీద పేడ, ఈత కొలనులో చెప్పకూడనిది. అసోసియేషన్ మీటింగులో నాన్న గేదె గ్యాసు వదిలితే ప్రెసిడెంటుగారి విగ్గు ఎగిరిపోతుంది. తాంబూలాల వేళ త్రేన్పుల పోటీ ఒకటి. కథ రాసిన అమ్మాయి ఆ పోటీ సీను విని సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు.

ఇప్పుడు ఆదెమ్మ సంగతి. ఆ ఆఫీసులో గోడంతా ఒక నిలువుటద్దం. బొమ్మను నడిపించాలంటే ముందు తాము అద్దం ముందు అలా నడిచి చూసుకోవడం ఆ పనివాళ్ళకు అలవాటు. కొత్తలో ఆదెమ్మ, గడ్డాలు పెంచుకున్న మగపిల్లలు కోతుల్లా గెంతడం చూసి, వీళ్ళకేదో సోకిందని నిమ్మకాయ కొనుక్కొచ్చి తలుపు దగ్గర పెట్టింది. అవ్వ గేదె నడక మాత్రం వాళ్ళలో ఎవరికీ పట్టుబడలేదు. ఎవరు నడిచినా వయసు పిల్లలు నడుం నొప్పి నటించినట్టే ఉంది.

ఒక వానాకాలపు పొద్దున ఆమె నేలంతా తుడిచి వెనక్కి తిరిగేసరికి ఆ గుంపంతా బురద బూట్లతో అడ్డంగా నడిచిపోయింది. ఆదెమ్మ కొంగు లాగి నడుములో దోపింది. కర్ర భుజాన పెట్టుకుని హాలు ఆ చివరి నుంచి బయల్దేరింది.

"ఏం పిల్లోల్లప్పా మీరు! ఇప్పుడే కదా తుడిస్తి! దున్నపోతుల మాదిరి తొక్కుకుంటా పోతాండారు. మీ ఇంట్లో మీయమ్మ తుడిసినా ఇట్లనే పోతారా? ఇంగోతూరి తొక్కితే ఈ కట్టెతోనే కాళ్ళ మీద ఏస్తా చూడండి!"

కుర్రాళ్ళు గోడలకు అతుక్కుపోయారు. స్పందన ఒక్కతే కదల్లేదు. బెంగళూరు కాటన్‌పేటలో తరతరాలుగా బట్టల వ్యాపారం చేసుకునే తెలుగువాళ్ళ పిల్ల, అవ్వ గేదె బొమ్మ చేతిలో పడి నెలల తరబడి నలిగిపోతున్నది ఆమే. ఎదురుగా వస్తున్న ఆదెమ్మను చూసి నోరు తెరుచుకుని ఉండిపోయింది.

"ఆదెమ్మక్కా, ఇంకొంచెం తిట్టక్కా! నీకు దమ్మయ్య అంటాను, కాళ్ళు పట్టుకుంటాను, మళ్ళీ ఆ గోడ దగ్గర్నుంచి అట్లే తిట్టుకుంటా రా. నేను ఫోన్లో తీసుకుంటా ఉండాను."

"తీసి సూపర్వైజరుకు చూపిద్దామనా? నా కూడు తీద్దామనుకుంటాండావా పాపా?"

"అయ్యో, లేదక్కా! మా ఎనుము అవ్వకు నడక వస్తా లేదు. నువ్వు నడిస్తే అది నడుస్తాది."

ఎనుము అనే మాట చెవిన పడగానే ఆదెమ్మ మెత్తబడింది. బతిమాలించుకోవడం కూడా ఆమెకు ఇష్టమే, ఇంకాసేపు బతిమాలించుకుంది. తర్వాత నడిచింది. ఒకసారి కాదు, ఆ రోజంతా నడిచింది. మర్నాటి నుంచి అవ్వ ఒక్కతే కాదు, నాన్న గేదె, దూడ, సెక్యూరిటీ గార్డు, విగ్గు పోయిన ప్రెసిడెంటుగారు, అందరూ ఆమే. రిలీజు తేదీ నెత్తి మీదికి వచ్చేసింది. ఆమె చేసి చూపించడం, వాళ్ళు ఫోన్లో తీసుకుని ఆ కదలికను బొమ్మలోకి అచ్చుగుద్దడం. మల్లికార్జున్ చేతులు జోడించి మరీ అన్నాడు.

"ఆదెమ్మా, సినిమా చివర మీ పేరు ఇంత లావు అక్షరాలతో వేయిస్తాను. నాది మాట."

ఆ హడావిడిలోనే ఒక పొరపాటు జరిగింది. ఆదెమ్మ ఏ పని మొదలుపెట్టినా ముందు కొంగు లాగి ఎడమ నడుములో దోపుకుంటుంది. ఆ సంగతి ఆమెకే తెలియదు, ఊపిరి తీసుకున్నట్టు చేసేస్తుంది. స్పందన ఆమెను ఎంత శ్రద్ధగా అచ్చుగుద్దిందంటే ఆ చెయ్యిని కూడా అచ్చుగుద్దింది. గేదెకు చీర లేదు. అయినా ప్రతి సీను మొదట్లోనూ అది చెయ్యి ఎత్తి, లేని కొంగును లాగి, లేని చీరలో దోపుకుని మరీ నడుస్తుంది. మిగతా బొమ్మలకూ నడిచి చూపించింది ఆమే కాబట్టి నాన్న గేదే అంతే, దూడా అంతే. కనిపెట్టేసరికి సరిచేసే వ్యవధి లేదు. ఎవరు చూస్తారులే, వదిలేయండి అన్నాడు మల్లికార్జున్.

సినిమా పూర్తవగానే ఖర్చు తగ్గించుకోవడానికి హౌస్ కీపింగు వాళ్ళను మార్చేశారు. ఆదెమ్మకు వేరే మేడలో పని పడింది. ఆమె మాత్రం ట్యాంకరు దగ్గర చాటింపు వేసేసింది.

"నేను సినిమాలో చేసినా. నా పేరు పడతాది, ఇంత లావున."

పక్క గదిలో ఉండే రాధికది పాలమూరు వైపు. బట్టల ఫ్యాక్టరీలో పని చేస్తుంది. నాలుక మహా పదును.

"ఏం సినిమా అక్కా? ఆ చిరుతపులి కూడా ఉన్నదా అందుల?"

"నవ్వు, నవ్వు. పేరు పడినాక చూద్దాం నీ నవ్వు."

రిలీజుకు ముందు పత్రికలవాళ్ళకు వేసి చూపించారు. 'కుటుంబంతో కలిసి చూడకూడని కుటుంబ చిత్రం' అని ఒకరు రాశారు. 'ఇందులో జంతువులన్నీ ఐదు నిమిషాలకోసారి నడుం గోక్కుంటాయి, ఎందుకో తీసినవాళ్ళకే తెలియాలి' అని ఇంకొకరు. తీసినవాళ్ళు అప్పటికే పారిపోయే పనిలో ఉన్నారు. సబ్బుపొడి కంపెనీ, మాకూ ఈ మరకకూ సంబంధం లేదని ప్రకటన ఇచ్చింది. యజమాని తన పేరు తీయించేశాడు. యజమానిదే లేనప్పుడు నాదెందుకని మల్లికార్జున్ తనదీ తీయించాడు. పాటలు కట్టినాయన, మాటలు రాసినాయన, రంగులు వేసినవాళ్ళు, అందరూ తమ తమ పేర్లు తుడుచుకుని పక్కకు తప్పుకున్నారు. ఆ వరసలో స్పందన కూడా ఉంది. మిగిలినవాళ్ళే లేరని చివర పేర్లు వేయడమే ఎత్తేశారు. కుటుంబ చిత్రం అనాథ చిత్రం అయిపోయింది.

ఈ సంగతి ఆదెమ్మకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. ఆదివారం పెట్టెలో చీర తీసి కట్టుకుని, రాధికను, సందులోని ఆడవాళ్ళను, పిల్లలను వెంటేసుకుని మాల్‌కు వెళ్ళింది. తిరుపాలు రాలేదు. ఆ రోజు శ్లాబు వేస్తున్నారు, శ్లాబు రోజున సెంట్రింగు మనిషి కదలకూడదు.

తెర మీద అవ్వ గేదె లారీ దిగింది. చెయ్యి ఎత్తింది, దోపుకుంది, నడిచింది. ఆదెమ్మ సీటు అంచుకు జరిగింది. మనిషి తన ముఖాన్ని రోజూ అద్దంలో చూసుకుంటుంది కానీ తాను నడిచిపోతుంటే వెనకనుంచి ఎలా ఉంటుందో ఎప్పుడు చూసుకుంటుంది? ఆదెమ్మ మొదటిసారి చూసుకుంది. బాగుంది అనుకుంది. గర్వంగా, సిగ్గు లేకుండా, చాలా బాగుంది అనుకుంది.

"అది నేనే!" అని అరిచింది. ముందు వరసవాళ్ళు ష్ అన్నారు.

సినిమా అయిపోయింది. పేర్ల కోసం అందరూ తెర వైపు చూస్తూ కూర్చున్నారు. తెర నల్లబడింది. ఒక్క అక్షరం పడలేదు. లైట్లు వెలిగాయి, చీపుర్లతో మనుషులు లోపలికి వచ్చారు.

"ఏదక్కా పేరు? నువ్వేడున్నవ్ అసలు?" అంది రాధిక.

"ఆ ఎనుమే నేను."

హాలు దద్దరిల్లేలా నవ్వారు. పిల్లలు కిందపడి దొర్లారు. ఆ నవ్వు వేరు. ఇన్నాళ్ళూ ఆమె మాటలకు నవ్వినవాళ్ళు ఆ రోజు ఆమెను చూసి నవ్వారు. ఆ తేడా ఆదెమ్మకు బస్సులో కూర్చున్నాక తెలిసింది, కళ్ళ నీళ్ళు తిరిగాయి.

సినిమా ఆ వారంలోనే ఎత్తేశారు. నాలుగో అంతస్తుకు వెళ్తే అక్కడ పళ్ళ డాక్టరు బోర్డు ఉంది. మల్లికార్జున్ ఫోను మోగడం మానేసింది. స్పందన ఎత్తింది.

"పాపా, ఒక్కతూరి మా సందుకు రా. వచ్చి చెప్పు, ఈయమ్మే నడిచిందని. నీకు కాఫీ పెట్టిస్తా."

స్పందన గొంతు తగ్గించింది.

"నా పేరే తీసేసుకున్నానక్కా. కొత్త ఆఫీసులో ఆ సినిమా సంగతే ఎవరికీ చెప్పలేదు. నన్ను అడగొద్దక్కా, సారీ."

సందులో ఆమెకు యాక్టరమ్మ అని పేరు పడింది. సినిమా పోయినా, దొంగ కాపీల్లోంచి ఆ నడుం గోకుడు మాత్రం పిల్లల ఫోన్లలో బతికింది. ఆ ముక్క ఒక్కటే కత్తిరించి పాటలు తగిలించి చూసుకునేవారు. వీధిలో ఏ పిల్లను చూసినా చెయ్యి ఎత్తి నడుం దగ్గర దోపడమే. ఆదెమ్మ ఎదురుగానే చేసేవారు, అది ఎవరిదో తెలియకుండానే.

తిరుపాలు ఓర్చుకున్నన్నాళ్ళు ఓర్చుకుని, అన్నం దగ్గర నోరు విప్పాడు.

"ఇడ్సిపెట్టు ఆదెమ్మా. చిరుతపులంటే నవ్వి మర్సిపోయిరి. దీన్ని నువ్వే ఇడ్సకపోతివి. సైటులో గూడా నన్ను అడుగుతాండారు."

"నువ్వు గూడా నమ్మవా?"

తిరుపాలు జవాబివ్వలేదు. చెయ్యి కడుక్కుని బయటికెళ్ళాడు. రాధిక ఎన్ని అన్నా తట్టుకున్న మనిషి ఆ మౌనానికి కుప్పకూలింది. ఆనాటి నుంచి ట్యాంకరు దగ్గర నోరు విప్పలేదు. బిందె నింపుకునేది, వచ్చేసేది. ఆ సందులో పొద్దుటి పూట చప్పగా తయారైంది. నవ్విన వాళ్ళకే అది ఎందుకో తోచక ఒకరి మొహాలు ఒకరు చూసుకునేవారు.

వినాయక చవితి వచ్చింది. ఆ సందులోని గదులన్నీ వెంకటేశప్పవి. పాత బెంగళూరు తెలుగువాడు, పెద్దమనిషి, ఏటా వీధిలో పందిరి వేయించేది ఆయనే. పందిరికి గుంజలు కట్టేది తిరుపాలు. ఒక సాయంత్రం పిల్లలకు తెర కట్టి సినిమా వేయాలనుకున్నారు. ఏది వేయాలంటే పిల్లలంతా ఒకే గొంతుతో ఆ గేదె సినిమా అన్నారు.

"దానికి ఓనరే లేడంట కదప్పా," అన్నాడు వెంకటేశప్ప. "అడిగేవాళ్ళు లేరు, కసిరేవాళ్ళు లేరు. పిల్లోళ్ళు ఆశపడతా ఉండారు, వేసేయండి."

ఆ సాయంత్రం ఆదెమ్మ తలుపు వేసుకుని లోపల కూర్చుంది. చప్పుడు లోపలికి వస్తూనే ఉంది. లారీ ఆగింది. పిల్లల కేరింతలు. ఇప్పుడు దోపుకుని ఉంటుంది, ఇప్పుడు లిఫ్టు ఎక్కి ఉంటుంది అని చీకటి గోడను చూస్తూ లెక్క కట్టుకుంది. ఇదిగో పేడ, అదిగో నవ్వులు. అంతలో ఒక కేక వినబడింది.

"ఆపండి! రేయ్, ఆపండ్రా!"

ఆ గొంతు ఎవరిదో ఆమెకు ఒక క్షణం అంతుపట్టలేదు. పెళ్ళయిననాటి నుంచి తిరుపాలు అంత గట్టిగా అరవడం ఆమె వినలేదు. తలుపు తీసుకుని పరుగెత్తింది.

గాలికి తెర జారుతుంటే గుంజ పట్టుకుని నిలబడ్డాడట తిరుపాలు. తెరకు మూరెడు దూరంలో ఉండి, చూడక తప్పక చూశాడు. ఇప్పుడు ఆయన నీడ తెర మీద పెద్దగా పడింది. గేదె మెట్ల మీద ఆగిపోయి ఉంది.

"ఎనక్కి తిప్పండి. మెల్లగ. ఆ కుడికాలు చూడండి. అడుగేసినప్పుడల్లా బయటికి తిరుగుతాండాది, చూసినారా? అది ఎనుము కాలు కాదు. నా పెండ్లాము కాలు. మూడో అంతస్తు నుంచి నేను ఈపు మీద మోసుకోని దిగిన కాలు అది. నాకు తెలీదా?"

ఎన్నేళ్ళ కిందటో కాంక్రీటు బొచ్చె మోస్తూ ఉండగా కాళ్ళ కింద పలక జారింది. విరిగిన కాలు అతుక్కుంది కానీ కాస్త బయటికి తిరిగి అతుక్కుంది. ఆమె మళ్ళీ నడవడం నేర్చుకున్నన్నాళ్ళూ, పడిపోతే పట్టుకోవాలని, ఆయన వెనకాలే నడిచాడు. లోకంలో ఆదెమ్మ ముఖం బాగా తెలిసినవాళ్ళు ఎందరో ఉండొచ్చు. ఆ అడుగు తెలిసినవాడు ఆయన ఒక్కడే.

వెనక్కి తిప్పిన బొమ్మ, గేదె నడుం దగ్గర చెయ్యి పెట్టిన చోట ఆగింది. జనం మెడలు చాచి చూశారు. రాధిక మాత్రం ఊరుకోలేదు.

"కాలు సరే అన్నా. మరి ఆ నడుం గోక్కునుడు ఎవరిది?"

"ఎవరు గోక్కునేది!"

ఆదెమ్మ వెనకనుంచి వచ్చింది. అన్నాళ్ళ కోపం, అన్నాళ్ళ ఏడుపు ఒక్కసారిగా ఒంట్లోకి వచ్చాయి. జనాన్ని తోసుకుంటూ తెర ముందున్న స్టేజీ దగ్గరికి వచ్చి, ఎక్కబోతూ, చెయ్యి ఎత్తి, కొంగు లాగి, ఎడమ నడుములో దోపుకుంది.

అంతే. ముందు ఒక పిల్ల కెవ్వుమంది. తర్వాత వీధి వీధంతా ఒక్కసారిగా లేచింది. కుర్చీలు పడ్డాయి. తెర మీద గేదె, తెర ముందు ఆదెమ్మ, ఇద్దరి చేతులూ ఒకే చోట ఆగి ఉన్నాయి. ఏమైందో అర్థంకాక ఆదెమ్మ అటూ ఇటూ చూసింది.

"చెయ్యి తీయొద్దక్కా, చెయ్యి తీయొద్దు!" అని అరిచింది రాధికే. "అయ్యో నా తల్లీ, కొంగు దోపుతున్నది! గోక్కునుడు కాదది, కొంగు దోపుతున్నది!"

అప్పుడు చూసింది ఆదెమ్మ తన చేతిని. తర్వాత తెరను. చూసి, స్టేజీ ఎక్కి, నడుం మీద చెయ్యి వేసుకుని, నాలుగో అంతస్తు కుర్రాళ్ళను తిట్టినంత గట్టిగా తిట్టింది.

"కండ్లుండాయా మీకు? అమ్మ కొంగు దోపుకోని పనికి పొయ్యేది మీలో ఎవురూ చూడలేదా? గోక్కుంటాండాదంట! పత్తిరికలో గూడా రాసినారంట!"

వెంకటేశప్ప సినిమాను మొదటి నుంచీ మళ్ళీ వేయించాడు. అవ్వ గేదె లారీ దిగింది, స్టేజీ మీద ఆదెమ్మ కూడా దిగింది. అది నడిచింది, ఈమె నడిచింది. ఆ కాలు బయటికి తిరిగినప్పుడల్లా ఈ కాలూ తిరిగింది. పిల్లలంతా ఆమె వెనక వరస కట్టి, లేని కొంగులు దోపుకుని, కుడికాళ్ళు బయటికి తిప్పుకుంటూ నడిచారు. పేడ సీను వచ్చినా ముక్కు మూసుకున్నవాళ్ళు లేరు. వెంకటేశప్ప మైకు తీసుకుని, "ఏమమ్మా, నీ పూర్తి పేరు చెప్పమ్మా, అనౌన్స్ చేస్తాను," అన్నాడు.

ఆమె మైకు ఆయన చేతిలోంచి లాగేసుకుంది.

"ఆదెమ్మ! సెంట్రింగు తిరుపాలు పెండ్లాము ఆదెమ్మ! ఈ సినిమాలో ఎనుము నేనే, దూడ నేనే, ఇగ్గు పోయినాయప్ప గూడా నేనే!"

ఎవరో దాన్ని ఫోన్లో తీశారు. అది ఊరంతా తిరిగింది. చిత్రం చూడండి, తీసినవాళ్ళెవరూ లేని సినిమాకు నెల తిరక్కముందే తీసినవాళ్ళు పుట్టుకొచ్చారు. మల్లికార్జున్ ఒక ఇంటర్వ్యూలో, శ్రమజీవి నడకను తెరకెక్కించాలన్నది మొదటి నుంచీ తన కల అన్నాడు. కలట! సబ్బుపొడి కంపెనీ వాళ్ళు ప్రకటనలో నడవమని కారు పంపారు. పేరు తుడుచుకున్నోళ్ళకు నా నడకెందుకని ఆదెమ్మ ఆ కారును ఉత్తదాన్నే వెనక్కి పంపింది. డ్రైవరుకు కాఫీ మాత్రం ఇచ్చింది.

స్పందన మాత్రం తానే వచ్చింది. గడప దగ్గర తల వంచుకుని నిలబడింది. ఆదెమ్మ ఆమెను తనివితీరా తిట్టింది. పిలిస్తే రాకపోయినందుకు తిట్టింది, చిక్కిపోయినందుకు తిట్టింది. అంతా అయ్యాక కూర్చోబెట్టి ముద్ద పెట్టింది. ఆ పిల్ల ఏడుస్తూనే తిని, చెయ్యి కడుక్కుని ల్యాప్‌టాప్ తెరిచింది.

"మేమందరం పేర్లు తిరిగి పెట్టుకుంటా ఉండామక్కా. సినిమాను కొత్తగా నెట్లో పెడతాము. మొదటి పేరు నీదే. చూడు."

నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. ఆదెమ్మకు చదువు రాదు. తిరుపాలు కూడబలుక్కుని చదివాడు.

"నడక, ఆదెమ్మ."

"ఇంగోతూరి చదువు."

చదివాడు. ఆమె తృప్తిగా చూసుకుంది. ఇంతేనా అన్నట్టు మెడ వంచి మళ్ళీ చూసింది.

"దాని కింద ఈయప్ప పేరు గూడా రాయి పాపా."

స్పందన తిరుపాలు వైపు చూసింది. ఆయన గోడ వైపు చూశాడు.

"అన్న సినిమాలో ఏం చేసినాడక్కా? ఏమని రాయాలి?"

"నమ్మినాడు. అదే రాయి."

స్పందన రాయబోతుండగా ఆదెమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. మొగుడి వైపు ఒక్క చూపు చూసింది. ఆ చూపులో అన్నం దగ్గర జవాబు లేకుండా లేచిపోయిన రాత్రి మొత్తం ఉంది, దాన్ని ఇక వదిలేస్తున్నానన్న నవ్వూ ఉంది.

"ఆలస్యంగా నమ్మినాడు అని రాయి."

తిరుపాలు ముందుగా నవ్వాడు. స్పందన అలాగే రాసింది.